వంతు లాక్కున్నవాడిదే ఆట

బోధన్‌లో రాకాసిపేట ఉంది, చక్రేశ్వరాలయం ఉంది. ఆ రెండు పేర్లూ చూపించి ఊరి పెద్దలు భారతంలోని ఏకచక్రపురం తమదేననీ, భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేననీ చెబుతారు. ఆ మాట చెప్పుకునే ఊళ్లు దేశంలో మరికొన్ని ఉన్నాయి. ఆ తగవు చరిత్రకారులకు వదిలేసి, ఆ పోరు ఎలా సాగిందో మాత్రం చూద్దాం.

ఏకచక్రపురంలో ఇంటికొక వంతు. వంతు వచ్చిన ఇల్లు బండెడన్నం, రెండు దున్నపోతులు, వాటిని తోలుకెళ్లే ఒక మనిషిని రాక్షసుడికి పంపాలి. పాండవులు తలదాచుకున్న బ్రాహ్మణుడి ఇంటికి వంతు వచ్చినప్పుడు కుంతి భీముణ్ణి పంపింది. భీముడు వెళ్లగానే కలబడలేదు. రాక్షసుణ్ణి పేరుపెట్టి పిలిచి, వాడికి తెచ్చిన అన్నం వాడి ఎదుటే తినడం మొదలుపెట్టాడు. వాడు వచ్చి రెండు చేతులా వీపుమీద గుద్దినా తల తిప్పలేదు. తిండి ముగించి, చేయి కడుక్కుని, అప్పుడు లేచాడు. బకుడికి ఒళ్లు తెలియని కోపం. చెట్లు పీకి విసిరాడు, కుస్తీకి దిగాడు, దిగి అలిసిపోయాడు. వాడు అలిసిన తర్వాతే భీముడు వెన్ను విరిచాడు.

ఈ ఘట్టాన్ని ఇవాళ ఆటలు బాగా ఆడే కుర్రాడికి చెబితే "భీముడు టాంట్ వేశాడు" అంటాడు. శత్రువును రెచ్చగొట్టి, వాడు ఇంకెవరి జోలికీ పోకుండా తనమీదే దెబ్బలు వృథా చేసుకునేలా చేయడమే టాంట్. వంతుల వారీగా నడిచే వ్యూహాత్మక ఆర్పీజీ (పాత్ర పోషించే) ఆటల్లో దీన్ని స్టేటస్ ఎఫెక్ట్ అంటారు. విషం, నిద్ర, పక్షవాతం, మూగతనం, భయం, మైకం, రాయిగా మారడం, ఇవన్నీ ఆ కోవలోవే. కత్తిదెబ్బ శత్రువు ప్రాణాన్ని, అంటే హెచ్‌పీని, తగ్గిస్తుంది. స్టేటస్ ఎఫెక్ట్ శత్రువు చేయగలిగిన పనిని తగ్గిస్తుంది.

ఈ రెండో రకం ఆయుధం చరిత్రను ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే ఒకటే సంగతి మళ్లీమళ్లీ కనిపిస్తుంది. వంతుల ఆటలో అసలు సొమ్ము హెచ్‌పీ కాదు, వంతు. ఎదుటివాడి వంతు ఎవడు చౌకగా పాడుచేయగలిగితే వాడిదే గెలుపు. ఆట తయారుచేసేవాళ్లకూ ఆడేవాళ్లకూ మధ్య యాభై ఏళ్లుగా నడుస్తున్న పెనుగులాట అంతా దీనిచుట్టూనే.

అస్త్రాలకూ నియమాలున్నాయి

ఈ లెక్క మనకు కొత్త కాదు. విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణం చూడండి. అర్జునుడి ఎదుట కౌరవసేన మొత్తం ఉంది, అతడి రథంమీద ఉన్నది ఉత్తరుడొక్కడే. ఒక్కొక్కరినీ కొట్టుకుంటూ పోతే ఎప్పటికి తెమలాలి? సమ్మోహనాస్త్రం వేసి అందరినీ ఒక్కసారే మైకంలో పడేశాడు. తర్వాత ఉత్తరుణ్ణి పంపి, అతడి చెల్లెలు ఉత్తర బొమ్మపొత్తికల కోసం ద్రోణుడి, కృపుడి, కర్ణుడి, అశ్వత్థామ, దుర్యోధనుల పైబట్టలు తెమ్మన్నాడు. పంపుతూ ఒక జాగ్రత్త కూడా చెప్పాడు. భీష్ముడికి ఈ అస్త్రానికి విరుగుడు తెలుసు, ఆయన స్పృహలోనే ఉండి ఉంటాడు, ఆ రథానికి దగ్గరగా పోకు అని.

ఈ ఒక్క సన్నివేశంలో స్టేటస్ ఎఫెక్టుల వ్యాకరణం దాదాపు అంతా ఉంది. ఒకే వేటుకు చాలామందిమీద పనిచేసేది ఉంది. కొంతసేపే ఉండి దిగిపోయేది ఉంది. దానికి లొంగని వీరుడున్నాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, వేసినవాడికి అక్కడ ఏం సాధించాలో తెలుసు. కౌరవులు వెనుదిరగాలి, అంతే. చంపడం ఆనాటి పని కాదు.

సుందరకాండలో ఇంతకన్నా సూక్ష్మమైన నియమం ఉంది. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రంతో హనుమంతుణ్ణి కట్టిపడేశాడు. సంబరపడిన రాక్షసులు పైనుంచి తాళ్లు కూడా బిగించారు. మరో కట్టు పడితే బ్రహ్మాస్త్రం నిలవదు, వదిలిపోతుంది. ఇంద్రజిత్తుకు ఆ సంగతి తెలిసి తల పట్టుకున్నాడు. హనుమంతుడు మాత్రం రావణుణ్ణి చూడాలని ఊరుకున్నాడు. ఒక ప్రభావం మీద మరొకటి పడితే రెండూ ఉండాలా, కొత్తది పాతదాన్ని తుడిచేయాలా అనేది ఇవాళ్టికీ ప్రతి ఆట తయారీదారూ తేల్చుకోవలసిన ప్రశ్న. వాల్మీకి దగ్గర దానికి స్పష్టమైన జవాబుంది. అదే ఇంద్రజిత్తు యుద్ధకాండలో నాగపాశంతో రామలక్ష్మణులను బంధిస్తే, గరుత్మంతుడు రాగానే పాములు పారిపోయాయి. ప్రతి కట్టుకూ దానిదైన విరుగుడు ఉంటుందన్నమాట.

బండమీద గీసిన యుద్ధం

కథలు అలా ఉండగా, మన అరుగులమీద, గుడి మండపాల బండలమీద ఒక నిజమైన వంతుల ఆట ఉండనే ఉంది. పులిజూదం. త్రికోణంలో గీతలు, 3 పులులు, 15 మేకలు. పులి మేకమీదుగా దూకి చంపుతుంది. మేకకు చంపే శక్తి లేదు. అయినా మేకలు గెలుస్తాయి. మూడు పులులకూ కదిలే చోటు లేకుండా చేస్తే ఆట అయిపోయినట్టే.

ఆడినవాళ్లకు తెలుసు, మేకల ఆట ఎంత ఓపికదో. ఒంటరిగా పెట్టిన మేక పోయినట్టే. ఒకదాని వెనక ఒకటి గీతమీద ఆనుకుని ఉంటే పులికి దూకి దిగే చోటుండదు. ముందు ఒక పులిని మూలకు నెట్టి బిగించాలి, అప్పుడు మిగిలిన రెంటి సంగతి. తొందరపడి మూడింటినీ ఒకేసారి అడ్డుకోబోయినవాడు సగం మేకలు పోగొట్టుకుంటాడు. కొట్టే బలం సున్నా అయిన పక్షం కేవలం కట్టడితో గెలిచే ఆటను మనవాళ్లు పిల్లల చేత చింతగింజలతో ఆడించారు. నా దృష్టిలో ఈ వ్యాసంలో వచ్చే ఆటలన్నిటికీ పెద్దన్న ఇదే.

అష్టాచెమ్మాలోనూ ఇలాంటి పాఠమే ఉంది. ఇంటూ గుర్తు వేసిన గడిలో కూర్చున్న కాయను ఎవరూ చంపలేరు. అంటే గడి కాయకు రక్షణ ఇస్తోంది. ఎదుటివాడి కాయను ఒక్కటైనా చంపనిదే లోపలి వరసలోకి పోనివ్వరు. గవ్వలు ఎంత బాగా పడినా ఆ షరతు తీరేదాకా కాయ పండదు. కదలికకు షరతు పెట్టి వేగాన్ని ఆపే ఈ పద్ధతిని తర్వాతి వీడియో గేములు చాలా వాడుకున్నాయి.

పాచికలు, కాగితం, తర్వాత కంప్యూటర్

ఆధునిక చరిత్ర అమెరికాలో మొదలవుతుంది. 1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి చెయిన్‌మెయిల్ అనే బొమ్మసైన్యాల యుద్ధక్రీడ నియమాలు అచ్చువేశారు. ఆ పునాదిమీద గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. నిద్రపుచ్చడం, వశం చేసుకోవడం, మనిషిని ఉన్నచోటే బిగదీయడం, ఈ మంత్రాలన్నీ అందులో ఉన్నాయి. మొదటి మెట్టుమీద ఉన్న మాంత్రికుడు బక్కప్రాణి, ఒక్క దెబ్బకు పోతాడు. కానీ వాడి దగ్గర నిద్రమంత్రం ఒక్కటి ఉంటే చిన్నపాటి శత్రువుల గుంపు గుంపే నేలమీద పడుకుంటుంది. కత్తివీరులు నాలుగు వంతుల్లో చేసే పని వాడు ఒక వంతులో చేస్తాడు.

ఇలాంటి చాలా మంత్రాలకు విరుగుడుగా సేవింగ్ త్రో అనే నియమం ఉంది. ప్రభావం తగలబోయేవాడు పాచిక వేసి తప్పించుకోవచ్చు. అప్పటినుంచి చాలా స్టేటస్ ఎఫెక్టులు జూదమే. తగిలితే పండగ, తగలకపోతే మన వంతు గంగపాలు.

1981లో ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ ఆపిల్ 2 కంప్యూటర్‌కోసం రాసిన విజార్డ్రీ ఈ మంత్రాలను తెరమీదికి తెచ్చింది. ఆరుగురి జట్టు, నేలమాళిగల చీకటి. నిద్రపుచ్చే మంత్రం పేరు కటీనో, నోరు కట్టే మంత్రం పేరు మోంటీనో. పక్షవాతం, విషం, రాయిగా మారడం అన్నీ ఉన్నాయి. చచ్చినవాణ్ణి బతికించబోయి విఫలమైతే బూడిద మిగులుతుంది, ఆ బూడిదను బతికించబోయి విఫలమైతే మనిషి ఇక లేడు. ఆ ఆటను జపాన్‌లో పిచ్చిగా ఆడారు. ఆడినవాళ్లలో యూజీ హోరీ అనే యువకుడున్నాడు.

జపాన్ పాఠశాల

హోరీ 1986లో డ్రాగన్ క్వెస్ట్ చేశాడు. ఒక్క వీరుడు, ఎదురుగా ఒక్క శత్రువు. ఆ ఆటలో ఒక ఊరి ముందు రాతిమనిషి గోలెం కాపలా ఉంటాడు. వాడితో నేరుగా తలపడితే చాలామంది ఆటగాళ్లకు చావే. వేరేచోట దొరికే ఒక మాయవేణువు ఊదితే వాడు నిద్రపోతాడు. నిద్రపోయినంతసేపూ మనవి వంతులు, వాడివి శూన్యం. నిద్రలేస్తే మళ్లీ ఊదాలి. లక్షలమంది పిల్లలకు స్టేటస్ ఎఫెక్ట్ అంటే ఏమిటో అర్థమైంది ఆ గుమ్మం ముందే. బలం పెంచుకుని రమ్మనే ఆట, బలం లేకపోయినా ఉపాయంతో రమ్మని అక్కడ చెప్పింది.

1987లో హిరోనోబు సకగూచి బృందం ఫైనల్ ఫాంటసీ తెచ్చింది. అందులో దాడిబలం పెంచే టెంపర్ అనే మంత్రం ఉంది. ప్రోగ్రామ్ లోపం వల్ల ఆ తొలి కార్ట్రిడ్జ్‌లో అది పనే చేయదు. ఆటగాళ్లు మాత్రం నమ్మకంగా వేస్తూ, వంతు తగలేస్తూ పోయారు. కత్తిదెబ్బ తగిలితే అంకె కనిపిస్తుంది. బలం పెరిగిందా లేదా అనేది చూపించకపోతే ఆటగాడికి ఎలా తెలుస్తుంది? కనిపించని ప్రభావాన్ని నమ్మడం కష్టం, నమ్మి మోసపోవడం తేలిక.

ఇక్కడే ఇంకో పెద్ద జబ్బు పట్టుకుంది. పెద్ద శత్రువు, అంటే బాస్, ఒక్క నిద్రమంత్రానికో ఒక్క మరణమంత్రానికో పడిపోతే కథ చప్పబడుతుంది కదా. అందుకని తయారీదారులు బాసులకు అన్ని ప్రభావాలనుంచీ రక్షణ ఇచ్చేశారు. ఫలితం ఏమిటి? చిన్న శత్రువులు ఎలాగూ రెండు దెబ్బలకు పోతారు, వాళ్లమీద విషమెందుకు? బాసులమీద విషం ఎక్కదు. మరి ఆ మంత్రాలన్నీ ఎవరికోసం? ఒక తరం ఆటగాళ్లు స్టేటస్ ఎఫెక్టులు దండగ అని తేల్చుకున్నది ఈ కాలంలోనే. ఆ తీర్పులో వాళ్ల తప్పు లేదు, ఆటే అలా నేర్పింది.

ఆటగాళ్లు ఊరుకున్నారా? 1994 నాటి ఫైనల్ ఫాంటసీ 6లో ఒక సందు పట్టారు. శత్రువుమీద మాయమయ్యే మంత్రం వేస్తే ఆయుధాలు తగలవు గానీ మంత్రాలు తప్పకుండా తగులుతాయి. ఆ తప్పకుండా అన్న నియమం బాసుల రక్షణను కూడా దాటేస్తుంది. ముందు మాయం చేసే వానిష్, వెంటనే చంపే డూమ్. దాదాపు ఎంత పెద్ద రాక్షసుడైనా రెండే వంతుల్లో సరి. అది లోపమే. కానీ ఆ లోపం అంత ప్రేమగా గుర్తుండిపోవడానికి కారణం, ఆటగాడికి చాన్నాళ్ల తర్వాత తన మంత్రాలకు విలువ దొరకడం.

గళ్లలోకి దిగిన యుద్ధం

1990 ఏప్రిల్‌లో షోజో కగా రూపొందించిన ఫైర్ ఎంబ్లమ్ యుద్ధాన్ని గళ్ల మైదానంలోకి తెచ్చింది. వ్యూహాత్మక ఆర్పీజీ అనే జాతికి దాన్నే మూలపురుషుడిగా చెబుతారు. గళ్లు రాగానే స్టేటస్ ఎఫెక్టుకు కొత్త అర్థం వచ్చింది. ఇరుకు దారిలో నిద్రపోయిన శత్రుసైనికుడు వెనకవాళ్లకు అడ్డుగోడ. నోరు కట్టిన వైద్యుడు నడవగలడు గానీ పనికిరాడు. ఇలా నిద్రపుచ్చే, నోరు కట్టే మాయాదండాలు శత్రువు చేతిలో పడితే మన గతి ఏమిటో 1999లో వచ్చిన థ్రేసియా 776 చూపించింది. అందులో పట్టిన నిద్ర, పట్టిన పిచ్చి విరుగుడు దండం వాడేదాకా లేదా ఆ అధ్యాయం ముగిసేదాకా దిగవు. దూరంనుంచి ఒక దండం మీ వీరుడివైపు తిరిగిందంటే ఆ పోరు మొత్తానికి వాడు లేనట్టే లెక్క.

ఈ కళ శిఖరం చేరింది మాత్రం 1997లో. యాసుమీ మత్సునో దర్శకత్వంలో వచ్చిన ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ వంతునే అంకెగా మార్చింది. ప్రతి పాత్రకూ ఒక గడియారం ఉంటుంది. ప్రతి క్షణమూ ఆ పాత్ర వేగం అందులో కూడుతుంది. మొత్తం 100 చేరితే వంతు వస్తుంది. వేగం 8 ఉన్నవాడికి 13 క్షణాలకు వంతు. వాడికి హేస్ట్ వేస్తే వేగం ఒకటిన్నర రెట్లయి 12 అవుతుంది, 9 క్షణాలకే వంతు. స్లో వేస్తే సగమై 4 అవుతుంది, 25 క్షణాలు ఆగాలి. ఇద్దరు సమానులే, ఒకడికి హేస్ట్, ఇంకొకడికి స్లో. రెండోవాడు ఒకసారి చేయి ఎత్తేలోపు మొదటివాడు రెండుసార్లు కొట్టి, మూడోసారికి సిద్ధంగా ఉంటాడు. ఒక్క దెబ్బ కూడా తగలకముందే సైన్యం రెట్టింపయింది.

ఆ ఆటలో కదలకుండా చేసే మంత్రం వేరు, పని చేయకుండా చేసే మంత్రం వేరు. కత్తివీరుడు దూరంగా ఉంటే కాళ్లు కట్టేస్తే చాలు, వాడి చేతులు ఎవరికీ అందవు. విలుకాడికి కాళ్లు కట్టి లాభం లేదు, నిలబడ్డచోటునుంచే కొడతాడు, వాడి చేతులు కట్టాలి. మంత్రగాడికి నోరు కట్టాలి. ఎవరిమీద ఏ కట్టు అనే వివేకాన్ని ఇంత విడమరిచి అడిగిన ఆట అంతకుముందు లేదు. 2025 సెప్టెంబరులో దాని కొత్త రూపం విడుదలైతే పాతికేళ్ల వయసువాళ్లు కూడా కూర్చుని ఆడారంటే ఆ లెక్కలో బిగి ఎంతో తెలుస్తుంది.

జేబులోకి వచ్చిన విషం

1996లో జపాన్‌లో పోకెమాన్ వచ్చింది. గళ్లు లేవు, కానీ వంతులున్నాయి. విషం, పక్షవాతం, కాలడం, గడ్డకట్టడం, నిద్ర, ఈ ఐదింటినీ ప్రపంచంలోని పిల్లలందరికీ నేర్పింది అదే. మొదటి తరం ఆటలో గడ్డకట్టినవాడు తనంతట తాను ఎప్పటికీ కరగడు. నిద్రమంత్రం మరీ బలమైనది కావడంతో, పోకెమాన్ స్టేడియంలాంటి ఆటల్లోనూ పోటీల్లోనూ ఎదుటి జట్టులో ఒకణ్ణి మించి నిద్రపుచ్చకూడదనే నియమం పెట్టుకోవలసి వచ్చింది.

టాక్సిక్ అనే విషాన్ని దగ్గరగా చూద్దాం. మొదటి వంతులో మొత్తం ప్రాణంలో 16లో 1 భాగం పోతుంది. రెండో వంతులో 2, మూడో వంతులో 3, ఇలా పెరుగుతుంది. ఐదు వంతులకు 1, 2, 3, 4, 5 కలిపితే 15. ఆరో వంతు వస్తే ఇక మిగిలేది లేదు. విషం ఎక్కి కోలుకునే దారి లేకపోతే కొండంత పోకెమాన్‌కైనా ఆరు వంతుల ఆయుష్షే. మనం చేయవలసిందల్లా ఆ ఆరు వంతులు బతికి ఉండటం, కాచుకోవడం, కోలుకోవడం. బోధన్ షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు తోలిన రైతుకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. నరికిన చెరకు బండిమీద వరసలో ఎంతసేపు నిలబడితే అంత ఎండుతుంది, బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. ఎవరూ వచ్చి కొట్టరు, ఆగడమే నష్టం. విషం వేసినవాడు ఆడేది సరిగ్గా ఆ ఆట. తొందర ఎదుటివాడిది, తీరిక తనది.

మన నిజామాబాద్‌లాంటి ఊళ్లలో ఈ చరిత్ర ఆలస్యంగా, అడ్డదారిన వచ్చింది. తొంభైల్లో ఇళ్లకు చేరిన చౌక టీవీ గేమ్ పెట్టెల్లో మారియో, కాంట్రాలాంటి పరుగులూ కాల్పులే ఎక్కువ. ఆర్పీజీకి ఆటను దాచుకునే ఏర్పాటు కావాలి, తెరమీద ఇంగ్లీషు చదువుకునే ఓపిక కావాలి. పోకెమాన్ మనకు ఆటకన్నా ముందు టీవీ కార్టూన్‌గా తెలిసింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక, పాత ఆటలూ కొత్త ఆటలూ ఒక్కసారే ఫోన్‌లోకి దిగాయి. అందుకే మన కుర్రాళ్లలో చాలామందికి 1997 ఆటా 2017 ఆటా పక్కపక్కనే పరిచయం. చరిత్ర వరసగా కాకుండా ఒక కుప్పగా వచ్చింది.

బాసులు కూడా నేర్చుకున్నారు

కొత్త శతాబ్దంలో తయారీదారులు పాత జబ్బుకు మందు వెతికారు. 2003లో అట్లస్ సంస్థ తెచ్చిన షిన్ మెగామి టెన్‌సే 3లో ఎదుటివాడి బలహీనత పట్టి కొడితే అదనపు వంతు వస్తుంది, గురి తప్పితే ఉన్న వంతులు పోతాయి. ఆట మొదట్లోనే మాటడార్ అనే అస్థిపంజరం ఎదురవుతుంది. వాడు ముందుగా ఎర్ర గుడ్డ ఊపి తన చురుకుదనాన్ని ఆకాశానికి పెంచుకుంటాడు. ఇక మన దెబ్బలన్నీ గాలిలోకే, తప్పిన ప్రతి దెబ్బకూ వంతులు హరీ. కత్తినే నమ్ముకున్నవాడు అక్కడ నెత్తి బాదుకున్నాడు. వాడి చురుకుదనాన్ని తగ్గించే మంత్రం పట్టుకుని తిరిగి వచ్చినవాడు దాటాడు. స్టేటస్ ఎఫెక్టులు దండగ అన్న తరానికి ఆ ఒక్క బాస్ చెప్పిన పాఠం చాలు.

2012లో ఎక్స్‌కామ్ అనే పాత ఆట పునర్జన్మ ఎత్తింది. 2016లో వచ్చిన రెండో భాగంలో సెక్టాయిడ్ అనే గ్రహాంతరవాసి మన సైనికుడి మనసును వశం చేసుకుంటుంది. దాన్ని చంపేంత బలం లేకపోతే కళ్లు బైర్లు కమ్మించే ఒక్క ఫ్లాష్‌బ్యాంగ్ విసిరితే చాలు, దాని ఏకాగ్రత చెదిరి మనవాడు మనకు దక్కుతాడు. అదే ఏడాది వచ్చిన డార్కెస్ట్ డంజన్ బాసుల రక్షణ సమస్యను ఇంకో రకంగా పరిష్కరించింది. ఒకసారి స్టన్, అంటే దిమ్మతిరిగే దెబ్బ, తగిలి తేరుకున్న శత్రువుకు కొంతసేపు స్టన్‌ను తట్టుకునే శక్తి పెరుగుతుంది. పూర్తిగా నిషేధించకుండా, ఒకడినే పదేపదే కట్టిపడేసే అవకాశాన్ని మాత్రమే తగ్గించారు. న్యాయమైన తీర్పు.

2018లో ఇన్‌టు ద బ్రీచ్ అన్నిటినీ వలిచి గుజ్జు మాత్రం మిగిల్చింది. ఎనిమిదెనిమిదుల గళ్లు, మనవి మూడు యంత్రాలు. శత్రువు ఈసారి ఎవరిని కొట్టబోతున్నాడో ముందే కనిపిస్తుంది. చంపలేకపోతే ఒక గడి పక్కకు నెట్టు, వాడి దెబ్బ వాడి సోదరుడికే తగులుతుంది. పొగ పెట్టు, ఆ గడిలోనుంచి కొట్టలేడు. పులిజూదం ఆడిన చేతికి ఈ ఆట వెంటనే పట్టుబడుతుంది. ఇక్కడా గెలుపు కట్టడిలోనే ఉంది.

2017లో బెల్జియంకు చెందిన లేరియన్ స్టూడియోస్ డివినిటీ ఒరిజినల్ సిన్ 2లో ఒక సాహసం చేసింది. శత్రువు ఒంటిమీద కవచం ఉన్నంతవరకు చాలా ప్రభావాలు ఎక్కవు. శరీర కవచం ఒకటి, మంత్రకవచం ఇంకొకటి. ఏదో ఒకటి సున్నా చేస్తే ఆ వైపు ప్రభావాలు ఖాయంగా తగులుతాయి. పాచిక బెడద పోయింది. కానీ జట్టులో సగంమంది ఒక కవచంమీద, సగంమంది రెండోదానిమీద కొడితే ఏదీ తెగదు. దాంతో అందరూ ఒకే రకం దెబ్బకు అలవాటు పడ్డారు. వైవిధ్యం కోసం పెట్టిన నియమం వైవిధ్యాన్నే తినేసింది.

అదే సంస్థ 2023 ఆగస్టులో విడుదల చేసిన బాల్డర్స్ గేట్ 3 మళ్లీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ పాచికల దగ్గరికే వచ్చింది. మనిషిని బిగదీసే హోల్డ్ పర్సన్ మంత్రం తగిలితే దగ్గర్నుంచి తగిలే ప్రతి దెబ్బా క్రిటికల్, అంటే మామూలుకన్నా పెద్ద దెబ్బ. కానీ వేసినవాడు ధ్యాస నిలపాలి. వాడికి దెబ్బ తగిలితే పాచిక వేయాలి, వీగితే మంత్రం చెదిరిపోతుంది. పైగా ఒకసారికి అలాంటి మంత్రం ఒక్కటే నిలుస్తుంది. కట్టు వేసినవాణ్ణి కాపాడుకోవడం, ఎదుటిపక్షంలో కట్టు వేస్తున్నవాణ్ణి ముందు చెదరగొట్టడం, యుద్ధం ఈ రెండు పనులచుట్టూ తిరుగుతుంది. 1974లో మొదలైన ప్రయాణానికి ఇప్పటివరకు దొరికిన మంచి సమతూకం ఇదేనని నా అభిప్రాయం. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆట బహుమతి దానికే వచ్చింది.

చరిత్ర తేల్చిన నాలుగు మాటలు

ఇన్నేళ్ల ఆటలనుంచి ఆడేవాడికి దక్కే సారం కొద్దిలో చెప్పవచ్చు. ముందు, ఎవరి వంతు ఖరీదైనదో చూడాలి. గుంపులో ఎక్కువ చెరుపు చేసేవాడెవడో వాడికే కట్టు వేయాలి, దగ్గరున్నాడని ఎవడికో వేయకూడదు. రెండు, పోరు మొదట్లోనే వేయాలి. విషమైనా హేస్ట్ అయినా వడ్డీలాగా కాలంతో పెరిగేవి, చివర్లో వేస్తే అసలు కూడా రాదు. మూడు, నిద్రపుచ్చినవాణ్ణి గిల్లకూడదు. చాలా ఆటల్లో దెబ్బ తగిలితే నిద్ర చెదురుతుంది. వాణ్ణి అలా వదిలి మిగిలినవాళ్ల సంగతి చూసి, చివరికి అందరూ కలిసి వాడిమీద పడాలి. నాలుగు, విరుగుడు తెలిసినవాణ్ణి ముందే పసిగట్టాలి. అర్జునుడు భీష్ముడి రథానికి దూరంగా ఉండమన్నది అందుకే. ఎదుటి జట్టులో వైద్యుడుంటే మన కట్లన్నీ ఒక్క వంతులో విడిపోతాయి.

తయారుచేసేవాడికి దక్కే సారం ఇంకా చిన్నది. ప్రభావానికి పూర్తి రక్షణ ఇస్తే ఆటగాడు దాన్ని మరచిపోతాడు. రక్షణ అసలే ఇవ్వకపోతే ఇంకేదీ వాడడు. పెనుగులాటకు చోటుంచిన ఆటలే నిలిచాయి. ఏదైనా సరే, ప్రభావం పనిచేసిందో లేదో ఆటగాడి కళ్లకు కనిపించాలి.

ఇంత చెప్పుకున్నాక ఒక లోటు చెప్పక తప్పదు. ఈ వ్యాసంలో పేరు వచ్చిన వీడియో గేముల్లో ఒక్కటి కూడా అధికారికంగా తెలుగులో లేదు. స్టేటస్ ఎఫెక్ట్ అంటే సగం చదువు. ఏ కట్టు ఎన్ని వంతులుంటుంది, ఏది దేనికి విరుగుడు అన్నది రెండు వాక్యాల వివరణలో రాసి ఉంటుంది. ఆ రెండు వాక్యాలు అర్థంకాని పిల్లవాడు కత్తిగుర్తు బొత్తామే నొక్కుతూ పోతాడు. వాడికి తెలివి లేక కాదు, ఆట వాడి భాషలో మాట్లాడక.

తెలుగు నేలమీద ఇప్పుడు ఆటలు తయారుచేసే చేతులకు కొదవ లేదు. వాళ్లకు నా విన్నపం ఒక్కటే. మరో పరుగు ఆట, మరో కాల్పుల ఆట చేసేముందు పులిజూదం పలకను ముందు పెట్టుకోండి. తాడు పడితే బ్రహ్మాస్త్రం వీడిపోయే నియమాన్ని, సమ్మోహనానికి లొంగని భీష్ముణ్ణి, బకుడి ఎదుట కూర్చుని అన్నం తిన్న భీముణ్ణి ఆ గళ్లలోకి తెండి. నియమాలు సిద్ధంగా ఉన్నాయి, పాత్రలు సిద్ధంగా ఉన్నాయి. వివరణలు మాత్రం మొదటి రోజునుంచే తెలుగులో రాయండి.